నగరంలో పుట్టే వెయ్యిమందిలో ఎందరు? నవజాత శిశువుల గుండె జబ్బుల లెక్క

సభకు నమస్కారం. ఈ రోజు నేను ఒకే ఒక్క ప్రశ్న గురించి మాట్లాడదలచుకున్నాను. ఒక నగరంలో ఒక ఏడాదిలో పుట్టిన బిడ్డల్లో, పుట్టుకతోనే గుండె నిర్మాణంలో లోపం ఉన్నవారు ఎంతమంది? వైద్యవిద్యార్థి ఎవరిని అడిగినా వెయ్యికి ఎనిమిది మంది అని తడుముకోకుండా చెబుతారు. ఆ జవాబు తప్పు కాదు. అయితే ఇదే ప్రశ్నకు వెయ్యికి నలుగురు అనీ, 26 మంది అనీ, 50కి పైగా అనీ జవాబు చెప్పిన అధ్యయనాలు కూడా ఉన్నాయి. అవన్నీ శ్రద్ధగా, నిజాయితీగా చేసినవే. ఒకే జబ్బుకు ఇన్ని అంకెలు ఎలా వచ్చాయో అర్థం చేసుకుంటే తప్ప, మన నగరం గురించి ఎవరైనా ఒక అంకె చెప్పినప్పుడు దాన్ని చూసి ఊరట చెందాలో ఆందోళన పడాలో మనకు తెలియదు.

ముందుగా దేన్ని లెక్కిస్తున్నామో తేల్చుకోవాలి. 1971లో అమెరికాలో మిచెల్, ఆయన సహచరులు ఇచ్చిన నిర్వచనాన్నే ఈనాటికీ చాలామంది అనుసరిస్తున్నారు. గుండెలో గానీ, ఛాతీలో ఉండే పెద్ద రక్తనాళాల్లో గానీ, పనితీరును ఇప్పుడు దెబ్బతీస్తున్న లేదా ముందుముందు దెబ్బతీయగల స్పష్టమైన నిర్మాణ లోపం ఉంటేనే దాన్ని పుట్టుకతో వచ్చిన గుండె జబ్బుగా పరిగణించాలని దాని సారాంశం. వాళ్లు 56,109 జననాలను పరిశీలించి వెయ్యికి 8.14 అని తేల్చారు. ఈ నిర్వచనంలోని కీలకమంతా ‘ముందుముందు దెబ్బతీయగల’ అన్న మాటలోనే ఉంది. గర్భంలో ఉన్నప్పుడు ప్రతి బిడ్డకూ గుండె పై గదులైన రెండు కర్ణికల మధ్య ఒక చిన్న తలుపు వంటి దారి తెరిచి ఉంటుంది, పుపుస ధమనినీ బృహద్ధమనినీ కలిపే డక్టస్ అనే నాళమూ తెరిచే ఉంటుంది; పుట్టిన తర్వాత అవి మూసుకుపోవడం ప్రకృతి ధర్మం. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డలో ఆ నాళం ఇంకా మూసుకోలేదంటే అది గుండె అపరిపక్వత మాత్రమే, నిర్మాణ లోపం కాదు. అలాంటి బిడ్డలను కూడా లెక్కలో చేర్చేస్తే, నెలలు నిండని శిశువులను ఎక్కువగా బతికించుకోగలుగుతున్న నగరంలో గుండె జబ్బులు అకస్మాత్తుగా పెరిగినట్టు కనిపిస్తుంది. ఒక మంచి పరిణామం పట్టికలో కీడుగా నమోదవుతుందన్నమాట.

ఇక చూసే సాధనం మారితే అంకె ఎంతగా మారుతుందో చెప్పడానికి నాకు ఎప్పుడూ గుర్తొచ్చే ఉదాహరణ ఒకటుంది. 1995లో ఇజ్రాయెల్‌కు చెందిన వైద్యులు 1,053 మంది నవజాత శిశువులకు, ఏ లక్షణమూ లేకపోయినా, వరుసగా కలర్ డాప్లర్ ఎకో పరీక్ష, అంటే ధ్వని తరంగాలతో గుండెనూ అందులోని రక్త ప్రవాహాన్నీ తెరపై చూసే పరీక్ష చేశారు. వారిలో 56 మందికి గుండె కింది గదులైన జఠరికల మధ్య ఉన్న కండర గోడలో సన్నని రంధ్రం కనిపించింది. అంటే వెయ్యికి 53 మందికి, అదీ ఒక్క రకం లోపమే. ఆ తర్వాత పరిశీలనలో ఉన్న పిల్లల్లో దాదాపు పదింట తొమ్మిది మందికి పది నెలల లోపే ఆ రంధ్రం దానంతట అదే పూడిపోయింది. స్టెతస్కోపు మాత్రమే చేతిలో ఉన్న వైద్యుడికి ఆ బిడ్డల్లో చాలామంది పూర్తి ఆరోగ్యవంతులుగానే కనిపించి ఉండేవారు. నిజానికి వాళ్లు ఆరోగ్యవంతులే.

కోపెన్‌హేగన్ నగరంలోనూ ఇలాంటి ప్రయత్నమే మరింత భారీగా జరిగింది. 2016 నుంచి 2018 వరకు 25,000 మందికి పైగా శిశువులకు ఎకో పరీక్ష చేశారు. బృహద్ధమని కవాటానికి సాధారణంగా మూడు రెక్కలు ఉంటాయి, కొందరికి రెండే ఉంటాయి. ఆ రెండు రెక్కల కవాటం 0.77 శాతం శిశువుల్లో ఉన్నట్టు అక్కడ తేలింది. అంటే వెయ్యికి దాదాపు ఎనిమిది మంది. అన్ని రకాల గుండె జబ్బులూ కలిపి వెయ్యికి ఎనిమిది అని మనం చెప్పుకునే సంప్రదాయ అంకెకు ఈ ఒక్క లోపమే సమానమవుతోంది! ఇది బాల్యంలో చాలామందికి ఏ ఇబ్బందీ కలిగించదు, నడివయసు దాటాక కవాటం గట్టిపడినప్పుడు గానీ బయటపడదు. అందుకే చాలా పట్టికలు దీన్ని వేరుగా ఉంచుతాయి. షాంఘైలో 5,190 మంది శిశువులకు ఎకో చేసి, వెయ్యికి 26కు పైగా అని 2019లో ప్రకటించారు. ఈ మూడు చోట్లా వైద్యులు చేసిన పని ఒకటే. బిడ్డ జబ్బు చేసి తమ దగ్గరకు వచ్చేదాకా ఎవరూ ఆగలేదు, తామే వెళ్లి వెతికారు.

వెతకనప్పుడు ఏమవుతుందో చెప్పే లెక్క కూడా ఉంది. ప్రపంచవ్యాప్త అధ్యయనాలను కలిపి 2011లో ప్రచురించిన ఒక సమీక్ష ప్రకారం 1930–34 మధ్య నమోదైన రేటు వెయ్యికి 0.6 మాత్రమే; 1995 తర్వాత అది 9.1కి చేరింది. అరవై ఏళ్లలో మనుషుల గుండె నిర్మాణం పదిహేను రెట్లు చెడిపోయిందని ఎవరూ అనుకోరు. 1930ల తొలినాళ్లలో ఈ బిడ్డలకు చేయగల వైద్యమే లేదు. 1938లో బోస్టన్‌లో రాబర్ట్ గ్రాస్ డక్టస్ నాళాన్ని కట్టివేసే శస్త్రచికిత్స చేశారు. 1944 నవంబర్ 29న బాల్టిమోర్‌లో ఆల్‌ఫ్రెడ్ బ్లాలాక్, హెలెన్ టాసిగ్, వివియన్ థామస్‌ల కృషితో, గుండె లోపం వల్ల రక్తంలో ఆక్సిజన్ తగ్గి నీలిబారిన బిడ్డకు తొలి శస్త్రచికిత్స జరిగింది. చికిత్స అనేది ఒకటి ఉందని తెలిశాకే తల్లిదండ్రులు బిడ్డలను ఎత్తుకుని రావడం, వైద్యులు పేరుపెట్టి గుర్తించడం, ఎవరో ఒకరు లెక్క రాయడం మొదలయ్యాయి. ఆ తర్వాత ఎకో యంత్రం వచ్చి మిగతా పని చేసింది. 1970 నుంచి 2017 వరకు జరిగిన 260 అధ్యయనాలను కలిపి చూసిన మరో సమీక్షలోనూ ఈ కాలంలో పెరిగిన రేటులో తొంభై శాతానికి పైగా తేలికపాటి లోపాల వల్లనే అని తేలింది. ఇందాక చెప్పిన 2011 నాటి సమీక్షలో ఆసియా రేటు 9.3, ఐరోపా రేటు 8.2 ఉండగా ఆఫ్రికా రేటు 1.9 అని ఉంది. ఈ 1.9ని చదివినప్పుడల్లా నా మనసు చివుక్కుమంటుంది. అక్కడ బిడ్డలు అదృష్టవంతులని చెప్పే అంకె కాదది. పరీక్ష చేసేవారు లేక, పేరు పెట్టకుండానే పోగొట్టుకున్న బిడ్డలు అందులో దాగి ఉన్నారు.

ఇప్పుడు నగరాల వారీగా చూద్దాం. 1960 నుంచి 1969 వరకు లివర్‌పూల్‌లో సజీవంగా పుట్టిన 1,60,480 మందిలో 884 మందికి, అంటే వెయ్యికి 5.5 మందికి గుండె జబ్బు ఉన్నట్టు తేలింది. ఎకో పరీక్ష ఇంకా వాడుకలోకి రాని కాలమది. గుండెలోకి గొట్టం పంపి చేసే పరీక్ష, శస్త్రచికిత్స, శవపరీక్షల ద్వారా తేలినవే ఎక్కువ. అట్లాంటా మహానగర ప్రాంతంలో పుట్టుక లోపాల నమోదు 1967 నుంచే నడుస్తోంది. అక్కడ 1998 నుంచి 2005 వరకు పుట్టిన 3,98,140 మందిలో 3,240 మందికి గుండె లోపం ఉంది. భాగించి చూస్తే మళ్లీ వెయ్యికి 8.14. ఉత్తర భారతదేశంలో 20,307 మంది శిశువులను పరిశీలించి 2016లో ప్రచురించిన అధ్యయనంలో 164 మంది తేలారు, అది 8.07.

ఈ అంకెలు ఇంత దగ్గరగా ఉండటం చూసి ఇదేదో ప్రకృతి నియమం అనుకోకూడదు. 1971 నాటి 8.14కూ, అట్లాంటా 8.14కూ దశాంశాల వరకు కుదరడం కేవలం యాదృచ్ఛికం. అట్లాంటా లెక్కలో మూడో వంతు, అంటే పదివేలకు 27.5 మంది, కండర గోడలో రంధ్రం ఉన్నవారే. కలర్ డాప్లర్ లేని కాలంలో వీరిలో ఎంతోమంది అసలు కనిపించేవారే కాదు. అదే పట్టికలో నీలిబారే జబ్బుల్లో అన్నిటికంటే ఎక్కువగా కనిపించే టెట్రాలజీ ఆఫ్ ఫాలో పదివేలకు 4.7 మందిలోనూ, రెండు మహాధమనులు తారుమారైన స్థితి పదివేలకు 2.3 మందిలోనూ ఉన్నాయి. మొత్తం ఒక్కటే అయినా, ఆ మొత్తం లోపల ఎవరున్నారన్నది కాలానికీ సాధనానికీ తగ్గట్టు మారిపోతూ ఉంటుంది.

అందుకే నేను మొత్తం అంకెకు అంత విలువ ఇవ్వను. తీవ్రమైన జబ్బుల లెక్క ఎంత అని అడుగుతాను. హాఫ్‌మన్, కప్లాన్ అనే ఇద్దరు 2002లో అప్పటివరకు వచ్చిన అధ్యయనాలన్నిటినీ జల్లెడపట్టారు. మొత్తం రేటు వెయ్యికి 4 నుంచి 50 వరకు ఊగిసలాడుతున్నా, నిపుణుల వైద్యం తప్పనిసరి అయిన తీవ్రమైన జబ్బుల రేటు మాత్రం వెయ్యికి 2.5 నుంచి 3 మధ్య నిలకడగా ఉందని వాళ్లు గమనించారు. మధ్యస్థ తీవ్రత ఉన్నవారు వెయ్యికి మరో ముగ్గురు ఉండవచ్చు. ఊగిసలాటంతా చిన్నచిన్న రంధ్రాల వల్లనే. తీవ్రమైన జబ్బు ఎక్కువ కాలం దాగి ఉండదు కనుక, చూడగలిగిన వ్యవస్థ ఉన్న ప్రతిచోటా అది దాదాపు ఒకే అంకెగా బయటపడుతుంది. కాబట్టి ఒక నగరం తన బిడ్డలను ఎంత బాగా చూసుకుంటోందో తెలుసుకోవడానికి ఇంతకంటే మంచి కొలబద్ద నాకు తెలియదు. ఏడాదికి పదివేల జననాలు జరిగే నగరంలో ఇలాంటి బిడ్డలు 25 నుంచి 30 మంది ఉండాలి.

నగరం అనే మాటలోనే కొన్ని చిక్కులున్నాయి, వాటిలో మొదటిది నివాసం. గర్భంలోనే బిడ్డ గుండెలో తీవ్రమైన లోపం ఉందని స్కానింగ్‌లో తెలిస్తే, ఆ తల్లిని కాన్పు కోసం పెద్ద ఆసుపత్రి ఉన్న నగరానికి పంపుతారు. అలా పంపడమే సరైనది. కానీ ఆ ఆసుపత్రి తన ప్రసూతి రిజిస్టరును చూసి రేటు కడితే, చుట్టుపక్కల జిల్లాల జబ్బులన్నీ ఆ నగరం ఖాతాలో పడతాయి. అదే సమయంలో నగర శివార్లలోని చిన్న ప్రసూతి కేంద్రంలో పుట్టి, ఎకో పరీక్షకు నోచుకోకుండా ఇంటికి వెళ్లిన బిడ్డ ఏ లెక్కలోనూ ఉండదు. ఒకే నగరం ఒక చోట ఉన్నదానికంటే ఎక్కువగా, మరో చోట ఉన్నదానికంటే తక్కువగా కనిపిస్తుంది. ఆ రెండు తప్పులు ఒకదాన్ని ఒకటి సరిదిద్దుకుంటాయని ఆశించడానికి వీల్లేదు. కాబట్టి బిడ్డ ఎక్కడ పుట్టిందన్నది వదిలేసి, కాన్పు నాటికి తల్లి నివాసం ఎక్కడ అన్నదాన్ని బట్టే లెక్కించాలి.

సజీవంగా పుట్టినవారినే లెక్కిస్తున్నామా అన్నది రెండో చిక్కు. పారిస్ మహానగర ప్రాంతంలో 2005 నుంచి 2008 వరకు 3,17,538 జననాల్లో 2,867 గుండె లోపాలు నమోదయ్యాయి. వాటిలో సజీవంగా పుట్టినవారు 2,348 మంది. 466 గర్భాలను పరీక్షలో లోపం తెలిశాక తొలగించారు. 53 పిండాలు గర్భంలోనే మరణించాయి. గర్భస్థ శిశువుల స్కానింగ్ విస్తృతంగా ఉన్న నగరంలో అత్యంత తీవ్రమైన జబ్బుల సజీవ జనన రేటు ఇలా తగ్గుతుంది. ఆ తగ్గుదలను జబ్బు తగ్గినట్టుగా పొరబడితే, రాబోయే ఏళ్లకు ఎంత శస్త్రచికిత్స సామర్థ్యం కావాలో వేసే అంచనాకూ, జబ్బు కారణాల మీద చేసే పరిశోధనకూ రెండిటికీ నష్టమే. మొదటిదానికి సజీవ జననాలు కావాలి, రెండోదానికి అన్నీ కావాలి. ఈ రెండు లెక్కలనూ పక్కపక్కనే ఉంచడం కష్టమైన పనేమీ కాదు.

ఇక కాలం సంగతి. నా దృష్టిలో ఈ విషయమంతటిలోనూ ఎక్కువ శ్రద్ధ పెట్టవలసింది ఇక్కడే. పుట్టిన రోజున గుండె చప్పుడు మామూలుగా వినిపించినంత మాత్రాన గుండె మామూలుగా ఉన్నట్టు కాదు. జఠరికల మధ్య పెద్ద రంధ్రం ఉన్నా, తొలి రోజుల్లో ఊపిరితిత్తుల రక్తనాళాల్లో పీడనం ఇంకా ఎక్కువగానే ఉంటుంది కనుక రక్తం ఆ రంధ్రం గుండా ఉరవడిగా పారదు, మర్మర్ అనే అదనపు శబ్దం వినిపించదు. వారాలు గడిచి ఆ పీడనం తగ్గాకే శబ్దం మొదలవుతుంది, బిడ్డ పాలు తాగుతూ చెమటలు పట్టి అలసిపోవడం మొదలవుతుంది. ఇంతకంటే ప్రమాదకరమైన జబ్బులు మరికొన్ని ఉన్నాయి. బృహద్ధమని ఒకచోట బాగా సన్నబడినా, ఎడమ జఠరిక ఎదగకపోయినా, శరీరానికి రక్తం అందేది డక్టస్ నాళం ద్వారానే. ఆ నాళం తెరిచి ఉన్నంతకాలం బిడ్డ గులాబీరంగులో, హాయిగా కనిపిస్తుంది. అది మూసుకుంటున్న కొద్దీ, కొన్ని గంటల్లోనే ఒళ్లు చల్లబడి, నాడి అందకుండా పోతుంది. ఇది జరిగేది చాలాసార్లు తల్లీబిడ్డలు ఇంటికి చేరిన తర్వాతే. రెండో రోజున అంతా బాగుందని రాసి పంపిన బిడ్డను తొమ్మిదో రోజున బూడిదరంగులో చూసిన అనుభవం నాకుంది. ఆ తల్లి నన్ను అడిగింది ఒక్కటే మాట: ‘మరి ఆ రోజు చూశారు కదండీ?’ చూశాం. పరీక్షలో నిర్లక్ష్యమేమీ లేదు. ఆ రోజున ఆ పరీక్షకు కనిపించేదే అంతవరకు.

ఇంగ్లండ్ ఉత్తర ప్రాంతంలో చేసిన ఒక అధ్యయనం 1999లో వెలువడింది. నవజాత శిశువులకు మామూలుగా చేసే పరీక్ష గుండె జబ్బు ఉన్నవారిలో సగానికి పైగా మందిని పట్టుకోలేకపోతోందనీ, ఆరు వారాలకు చేసే పరీక్షలోనూ మూడో వంతు మంది తప్పిపోతున్నారనీ అది చూపింది. కాబట్టి తొలి వారంలోనే లెక్క ముగించే నగరం ఒక అంకె చెబుతుంది, ఏడాది నిండేదాకా ఆగే నగరం మరో అంకె చెబుతుంది. ఈ రెండిటినీ పోల్చి, మొదటి నగరంలో జబ్బు తక్కువ అనడం అన్యాయం.

ఈ ఖాళీని కొంతవరకు పూడ్చినది పల్స్ ఆక్సీమీటరు. బిడ్డ పుట్టి ఒక రోజు గడిచాక కుడిచేతికీ, ఏదో ఒక పాదానికీ దాన్ని అమర్చి ఆక్సిజన్ శాతం చూస్తారు. విస్తృతంగా వాడిన పద్ధతి ప్రకారం రెండింటిలో ఒకచోటైనా 95 శాతం గానీ అంతకు మించి గానీ ఉండి, రెండు రీడింగుల మధ్య తేడా 3 శాతానికి మించకపోతే సరే. 90 కంటే తగ్గితే వెంటనే ఎకో పరీక్షకు పంపాలి. మధ్యలో ఉంటే గంట ఆగి మళ్లీ చూడాలి. నొప్పి లేని పరీక్ష, కొన్ని నిమిషాల పని. అమెరికాలో 2011లో దీన్ని జాతీయ సిఫార్సుల్లో చేర్చారు. అది తప్పనిసరి చేసి అమలు చేసిన రాష్ట్రాల్లో, తీవ్రమైన గుండె జబ్బుల వల్ల సంభవించే తొలినాళ్ల శిశుమరణాలు మూడో వంతు తగ్గినట్టు 2017లో వెలువడిన అధ్యయనం తెలిపింది. అయితే బృహద్ధమని సన్నబడిన బిడ్డలను ఈ పరికరం తరచుగా పట్టుకోలేదు, ఎందుకంటే వారి రక్తంలో ఆక్సిజన్‌కు లోటు ఉండకపోవచ్చు. ఇలాంటి బిడ్డల్లో బలహీనపడే తొడ దగ్గరి నాడిని వేళ్లతో వెతికే పాత అలవాటును అందుకే ఎవరూ వదులుకోవద్దని యువ వైద్యులను వేడుకుంటున్నాను.

రేటు ఒక ఏడాది పెరిగినప్పుడు పత్రికలు అడిగే ప్రశ్న గురించి కూడా చెప్పాలి. పదివేల జననాల నగరంలో మహాధమనులు తారుమారైన బిడ్డలు, అట్లాంటా రేటు ప్రకారం, ఏడాదికి సగటున 2.3 మంది. ఇంత చిన్న సగటు ఉన్నప్పుడు ఏ కారణమూ లేకుండానే పదేళ్లలో ఒక ఏడాది ఒక్కరూ పుట్టకపోవచ్చు. పన్నెండేళ్లలో ఒక ఏడాది ఐదుగురో అంతకంటే ఎక్కువమందో పుట్టవచ్చు. మొత్తం జబ్బుల లెక్కలోనూ అంతే. 80 మందిని ఆశించిన చోట 62 వచ్చినా, 98 వచ్చినా అది కేవలం యాదృచ్ఛికం కావచ్చు. ఐదేళ్ల లెక్కలు కలిపి చూడనిదే నీటినో గాలినో నిందించడం తొందరపాటే అవుతుంది.

కారణాలు అసలే లేవని నా ఉద్దేశం కాదు. డౌన్ సిండ్రోమ్ ఉన్న శిశువుల్లో దాదాపు సగం మందికి గుండె లోపం ఉంటుంది. గర్భానికి ముందునుంచే మధుమేహం ఉండి, అది అదుపులో లేని తల్లుల బిడ్డలకు ముప్పు చాలా రెట్లు ఎక్కువ. గర్భం తొలినెలల్లో తల్లికి సోకిన రుబెల్లా బిడ్డ కళ్లను దెబ్బతీస్తుందని 1941లో సిడ్నీ నేత్రవైద్యుడు నార్మన్ గ్రెగ్ గుర్తించారు. ఆయన చూసిన ఆ బిడ్డల్లో చాలామందికి గుండె లోపం కూడా ఉంది. రుబెల్లా టీకా, గర్భానికి ముందే చక్కెర అదుపు, ఈ రెండూ ఏ నగరమైనా చేయగల పనులే. కానీ గుండె రూపుదిద్దుకునేది గర్భం మూడో వారం నుంచి ఎనిమిదో వారం లోపల, అంటే చాలామంది తల్లులకు తాము గర్భవతులమని తెలిసీ తెలియని రోజుల్లో. ఎక్కువమంది బిడ్డల విషయంలో ఫలానాదే కారణం అని చూపడానికి ఏమీ ఉండదు. నేనేం తిన్నాను, నేనేం చేశాను అని తనను తాను తప్పుపట్టుకునే తల్లికి ఈ మాట స్పష్టంగా చెప్పవలసిన బాధ్యత మనందరిదీ.

మళ్లీ పదివేల జననాల నగరానికి వస్తాను. తీవ్రమైన జబ్బు ఉన్నవారు 25 మందికి తగ్గకుండా ఉండాలన్నాం. ఏడాది చివర రిజిస్టరులో 15 మందే ఉన్నారనుకోండి. గర్భంలోనే తెలిసి తొలగించినవి ఎన్నో, ఇతర ఊళ్లలో వైద్యం పొందినవారు ఎందరో మొదట విచారించాలి. ఆ తర్వాత కూడా లెక్క కుదరకపోతే, తెరవవలసింది శిశుమరణాల రిజిస్టరును. నెల రోజుల లోపు వయసు, ఇంటికి వెళ్లాక హఠాత్తుగా జబ్బుపడటం, కారణం దగ్గర న్యుమోనియా అనో, రక్తంలో ఇన్‌ఫెక్షన్ అనో, ఏమీ రాయకుండానో ఉన్న పేజీలను ఒక్కొక్కటిగా చదవాలి. ఏ రోజున ఇంటికి పంపారో, పాదానికి ఆక్సీమీటరు పెట్టారో లేదో, తొడ నాడి చూసినట్టు రాశారో లేదో ఆ పేజీ పక్కనే నమోదు చేయాలి. మనకు లెక్క కుదరని ఆ పదిమందిలో కొందరు ఆ పేజీల్లోనే ఉంటారు.